ఐజాక్ బషేవిస్ సింగర్: యూదుల జానపద కథలను పిల్లలకు చెప్పిన రచయిత

పిల్లల కోసం మొదటి పుస్తకం అచ్చయ్యేనాటికి ఐజాక్ బషేవిస్ సింగర్‌కు అరవై దాటాయి. అప్పటికే అమెరికాలో నవలాకారుడిగా, కథకుడిగా పేరున్నవాడు. దయ్యాలు, పాపాలు, అణచుకోలేని కోరికలు కిక్కిరిసిన అతని కథలను ఏ తల్లీ పిల్లల చేతిలో పెట్టదు. అలాంటి మనిషి 1966లో ఒక మేక కథతో బాలసాహిత్యంలో అడుగుపెట్టి, ఆపై రెండు దశాబ్దాలు నిండకముందే పిల్లల కోసం పదిహేనుకు పైగా పుస్తకాలు రాశాడు. తూర్పు యూరప్ యూదుల ఇళ్లలో నోటినుంచి నోటికి సాగివచ్చిన కథలు, అవి పుట్టిన ఊళ్లు మసైపోయిన పాతికేళ్లకు, ఇంగ్లీషు చదివే పిల్లలకు చేరిన దారుల్లో ముఖ్యమైనది ఈ పుస్తకాల దారి.

సింగర్ పుట్టింది పోలండ్‌లో, వార్సాకు దగ్గరలోని లియోన్చిన్ అనే పల్లెలో. అప్పుడు ఆ ప్రాంతం రష్యా సామ్రాజ్యం కింద ఉండేది. 1904 జూలై 14 అతని పుట్టినరోజుగా చాలాకాలం చెలామణి అయింది. తరువాతి జీవితచరిత్రకారులు దాన్ని ఒప్పుకోక ఒకటి రెండేళ్లు వెనక్కి జరిపారు. తండ్రి పిన్ఖస్ మెనాఖెమ్ యూదు భక్తిమార్గమైన హసీదీ సంప్రదాయానికి చెందిన రబ్బీ, అంటే యూదుల మతగురువు. తల్లి బత్‌షెబా బిల్గోరై పట్టణపు రబ్బీ కూతురు. తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్ పలుకుబడిలో ఆమె పేరు బషేవ. 'బషేవ వాడు' అనే అర్థం వచ్చేలా కొడుకు 'బషేవిస్' అని కలంపేరు పెట్టుకున్నాడు. దానికో అవసరం కూడా ఉంది. అన్న ఇజ్రాయెల్ జాషువా సింగర్ అప్పటికే పేరుపడ్డ రచయిత కాబట్టి పాఠకులు ఒకరిననుకుని ఒకరిని చదివే ప్రమాదం ఉండేది. అక్క ఎస్తేర్ క్రైట్‌మన్ కూడా నవలలు రాసింది. ఒక పేద రబ్బీ ఇంట్లో ముగ్గురు రచయితలు తయారయ్యారన్నమాట.

1908లో కుటుంబం వార్సాలోని క్రోఖ్మాల్నా వీధికి మారింది. బీదాబిక్కీ, చిల్లర వ్యాపారులు, దొంగలు, భక్తులు అందరూ ఒకరినొకరు రాసుకుంటూ బతికే వీధి అది. తండ్రి ఇంట్లోనే ధర్మపీఠం నడిపేవాడు. పెళ్లిళ్లు, విడాకులు, అప్పుల తగాదాలు, కోడి తినదగినదా కాదా అన్న సందేహాలు, అన్నీ ఆ ముందు గదిలోకే వచ్చేవి. పిల్లవాడు మూలన కూర్చుని వినేవాడు. కథలకు అంతకుమించిన బడి ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ గదిలో జరిగిన ఒక సంఘటనను సింగర్ 'వై ద గీస్ ష్రీక్డ్' (బాతులు ఎందుకు అరిచాయి) అనే కథలో చెప్పాడు. ఒకామె బుట్టలో రెండు బాతులు తెచ్చింది. తలలు తెగి ఉన్నాయి, కడుపులు శుభ్రం చేసి ఉన్నాయి, అయినా అరుస్తున్నాయట. నమ్మకపోతే చూడండంటూ ఒకదాన్ని ఎత్తి రెండోదాని మీదికి విసిరింది. నిజంగానే ఒక భయంకరమైన కూత వినిపించింది. తండ్రి మొహం పాలిపోయింది. పైలోకాల నుంచి ఏదో సంకేతం వచ్చిందని ఆయన నమ్మకం. తల్లి మాత్రం కంగారుపడలేదు. గొంతు గొట్టాలు తీశారా అని అడిగింది. తీయలేదు. ఆమె ఆ పచ్చిమాంసంలోకి వేలు దూర్చి సన్నని గొట్టాలు రెండూ బలంగా లాగి పారేసింది. మళ్లీ విసిరి చూడమంది. ఆ క్షణంలో ఇంటి పరువంతా ఆ బాతుల మీద ఆధారపడి ఉంది. అవి మళ్లీ అరిస్తే తల్లి ఓడిపోతుంది, అరవకపోతే తండ్రి చిన్నబోతాడు. బాతులు అరవలేదు. తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకుతో మిగిలిన తండ్రి, ఆమెకు బిల్గోరై తాతగారి బుద్ధే వచ్చిందనీ, ఆయన గొప్ప పండితుడే గానీ చల్లని నెత్తురు మనిషనీ నెమ్మదిగా అన్నాడు.

సింగర్ పిల్లల కథల గుట్టు చాలావరకు ఈ కథలోనే ఉంది. ఎప్పుడు ఏ అద్భుతం జరుగుతుందోనని తండ్రిలా చెవి రిక్కించి ఉంటాడు, జరిగిందాన్ని తల్లిలా వేలు పెట్టి తడిమి చూస్తాడు. ఇద్దరిలో ఎవరు ఒప్పో తీర్పు మాత్రం చెప్పడు.

మొదటి ప్రపంచయుద్ధం వార్సాకు ఆకలిని, జబ్బులను తెచ్చింది. 1917లో తల్లి అతన్నీ తమ్ముడినీ తీసుకుని తన పుట్టింటి ఊరు బిల్గోరై వెళ్లిపోయింది. రైలుబళ్లు, వార్తాపత్రికల ప్రపంచానికి దూరంగా, వందేళ్ల కిందటి యూదు జీవితం అక్కడ ఇంకా చెక్కుచెదరలేదు. పండుగలు, పొయ్యి పక్కన ముసలమ్మల కథలు, ఆత్మలు ఆవహించిన ఆడపిల్లల కబుర్లు, అన్నీ సజీవంగా ఉన్నాయి. ఆ కొద్ది సంవత్సరాలే లేకపోతే తన మొదటి నవల పుట్టేది కాదని అతనే తరువాత ఒప్పుకున్నాడు.

1920ల మొదట్లో వార్సాకు తిరిగివచ్చి కొన్నాళ్లు రబ్బీల విద్యాలయంలో చేరాడు, నిలవలేదు. 'లిటరారిషే బ్లెటర్' అనే సాహిత్య వారపత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా కుదిరాడు. క్నూట్ హామ్సున్, థామస్ మాన్, రెమార్క్ రచనలను యిడ్డిష్‌లోకి అనువదించి పొట్ట పోసుకున్నాడు. 1935లో, హిట్లర్ నీడ పోలండ్ మీద పడుతుండగా, అన్న సాయంతో న్యూయార్క్ చేరాడు. అక్కడ యిడ్డిష్ దినపత్రిక 'ఫోర్వర్ట్స్' అతనికి జీవితాంతం ఆధారమైంది. వ్యాసాలకు వేరే కలంపేర్లు పెట్టుకుని, కథలకు మాత్రం బషేవిస్ పేరు దాచుకున్నాడు. వచ్చిన కొత్తలో ఏళ్ల తరబడి సృజనాత్మక రచన ఏదీ సాగలేదు. 1953లో నవలాకారుడు సాల్ బెల్లో 'గింపెల్ ద ఫూల్' కథను ఇంగ్లీషులోకి అనువదించి 'పార్టిజన్ రివ్యూ'లో అచ్చువేయించాక అమెరికా అతని వైపు తిరిగి చూసింది.

పిల్లల కోసం రాయాలన్న ఆలోచన అతనిది కాదు. హార్పర్ అండ్ రో సంస్థలో పిల్లల పుస్తకాల సంపాదకురాలు ఎలిజబెత్ షబ్ పట్టుబట్టి రాయించింది. ఆమె పేరున్న యిడ్డిష్ విమర్శకుడు ష్ముయెల్ నీగర్ కూతురు. యిడ్డిష్ ఆమెకు ఇంటి భాష. సింగర్ మొదట మొరాయించాడు. చివరికి ఇద్దరూ కూర్చుని అతని యిడ్డిష్ కథలను ఇంగ్లీషు చేశారు. ఏడు కథలతో 'జ్లాటే ద గోట్ అండ్ అదర్ స్టోరీస్' అలా తయారైంది.

పుస్తకానికి పేరిచ్చిన కథ చాలా చిన్నది. యూదుల దీపాల పండుగ హనుక్కా దగ్గరపడుతోంది. ఆ ఏడాది చలి లేదు కనుక చలికోట్లు కుట్టే రూవెన్‌కు బేరాలు లేవు. ఇంట్లో ముసలి మేక జ్లాటేను ఊళ్లో కసాయికి ఎనిమిది గుల్డెన్‌లకు అమ్ముదామని నిర్ణయించాడు. మేకను తోలుకెళ్లే పని పన్నెండేళ్ల కొడుకు ఆరన్‌ది. దారిలో ఉన్నట్టుండి మంచుతుపాను. దారి కనిపించదు, మోకాళ్లలోతు మంచు. అదృష్టవశాత్తు ఒక గడ్డివామి కనిపించింది. పిల్లవాడు దాన్ని తొలిచి, గాలికి చిన్న కన్నం ఉంచి, మేకతో పాటు లోపల దూరాడు. మేక గడ్డి తింది, పిల్లవాడు పొదుగు కింద పడుకుని పాలు తాగాడు. మూడు రాత్రులు అలాగే గడిచాయి. మేక ఒళ్లే అతనికి దుప్పటి. జ్లాటేకు తెలిసిన మాట ఒక్కటే, 'మే'. ఆ ఒక్క మాటలోనే దాని ఒప్పుకోలు, ఓర్పు, ప్రేమ అన్నీ ఆరన్‌కు వినిపించాయి. తుపాను తగ్గి ఇద్దరూ ఇల్లు చేరాక మేకను అమ్మే మాట ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు. తుపానుతో చలి వచ్చింది, చలితో రూవెన్‌కు బేరాలూ వచ్చాయి.

గమనించాల్సింది కథలోని లెక్కలు. ఎనిమిది గుల్డెన్‌లు, పన్నెండేళ్లు, మూడు రాత్రులు. 'అనగనగా ఒక ఊళ్లో' అనే పొగమంచు ఇక్కడ లేదు. ప్రతి కథకూ ఒక చిరునామా ఉండాలన్నది సింగర్ పట్టుదల. జానపద కథకు సైతం ఊరు, వృత్తి, వాతావరణం, ధర చెప్పాల్సిందే.

ఈ పుస్తకానికి బొమ్మలు వేసింది మారిస్ సెండక్. అతని తల్లిదండ్రులు కూడా పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులే. బంధువుల్లో చాలామంది నాజీల చేతుల్లో చనిపోయారు. సెండక్ ఇంట్లో ఉన్న పాత ఫొటో ఆల్బమ్ తీసి, తను ఎన్నడూ చూడని ఆ బంధువుల మొహాలను కథల్లోని మనుషులకు పెట్టాడు. నవ్వు పుట్టించే మూర్ఖుల కథల పక్కన ఆ మొహాలు అంత నిదానంగా, గంభీరంగా ఎందుకున్నాయో ఈ సంగతి తెలిశాకే అర్థమవుతుంది. సింగర్ కూడా ముందుమాటలో, అర్థంలేని యుద్ధాల వల్ల ఎదగకుండానే పోయిన పిల్లలను తలచుకున్నాడు.

పుస్తకంలోని ఆ మూర్ఖుల కథలు జరిగే ఊరి పేరు చెల్మ్. తూర్పు పోలండ్‌లో ఈ పేరుతో నిజంగానే ఒక పట్టణం ఉంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అక్కడి జనాభాలో దాదాపు సగం యూదులే. యూదుల జానపదంలో మాత్రం చెల్మ్ అంటే తెలివితక్కువవాళ్లు తమను తాము మహాజ్ఞానులుగా భావించుకునే ఊరు. మన పరమానందయ్య శిష్యులు ఒక ఊరంతా నిండిపోతే ఎలా ఉంటుందో అలా. ఈ కథలను పిల్లలకు చెప్పడంలో సింగర్ మొదటివాడేమీ కాదు. సాలమన్ సైమన్ చెల్మ్ కథల పుస్తకం ఇంగ్లీషులో 1945లోనే వచ్చింది. సింగర్ ఆ ఊరికి తనదైన పాలకవర్గాన్ని ఇచ్చాడు. ఎద్దు గ్రోనమ్ అధ్యక్షుడు. చుట్టూ మందబుద్ధి లెకిష్, గాడిద సెండర్ లాంటి పెద్దలు. ఏడు రోజులు, ఏడు రాత్రులు ఆలోచించి గానీ వాళ్లు ఏదీ తేల్చరు.

'ద స్నో ఇన్ చెల్మ్' కథలో రాత్రి మంచు కురుస్తుంది. వెన్నెలకు అది వెండిలా, ముత్యాల్లా మెరుస్తుంది. ఊరి దరిద్రం తీరిందని పెద్దలు సంబరపడతారు. తెల్లారితే జనం తొక్కి పాడుచేస్తారు కదా! ఇంటింటి కిటికీ తట్టి, ఎవరూ బయటికి రావద్దని చెప్పడానికి పనివాడు గింపెల్‌ను పంపాలని తీర్మానం. మరి గింపెల్ తొక్కడా? ఆ చిక్కు కూడా తీరింది. అతన్ని బల్ల మీద నిలబెట్టి నలుగురు మోశారు. ఎక్కువ మాటలు అనవసరమని తెలిసిన కథ ఇది. సింగర్ పిల్లల కథల్లో ఒక్కటే ఎంచుకోమంటే చాలామంది మేక కథ అంటారు. హాస్యం వరకైతే మాత్రం ఈ మంచు కథకు సాటివచ్చేది లేదు.

చెల్మ్ పౌరుల్లో పేరున్నవాడు ష్లెమీల్. యిడ్డిష్‌లో ష్లెమీల్ అంటే చేతకాని అమాయకుడు, ష్లిమాజల్ అంటే నష్టజాతకుడు. ఈ రెంటి తేడా చెప్పే పాత ఛలోక్తి ఒకటుంది. సూపు ఒలకబోసేవాడు ష్లెమీల్, ఆ సూపు ఎవరి ఒళ్లో పడుతుందో వాడు ష్లిమాజల్. ఒక కథలో భార్య సంతకు వెళ్తూ, దాచుకున్న మురబ్బా కుండలో విషముందని చెప్పి వెళ్తుంది. పిల్లవాడికి దెబ్బ తగులుతుంది, కోడిపుంజు పారిపోతుంది. ఇక బతికి లాభం లేదనుకుని ష్లెమీల్ ఆ విషాన్ని కుండెడు తినేస్తాడు. ఇంకో కథలో వార్సా చూడాలని బయల్దేరి, దారిలో కునుకు తీసేముందు దిక్కు మరచిపోకుండా బూట్లను వార్సా వైపు తిప్పి పెడతాడు. ఒక కొంటె కమ్మరి వాటిని వెనక్కి తిప్పుతాడు. నిద్రలేచి, బూట్లు చూపిన దారినే నడిచి, తన ఊరికే తిరిగివచ్చి, ఇది రెండో చెల్మ్ అని నమ్ముతాడు. తన ఇల్లు, తన భార్య, తన పిల్లలు, అన్నీ ఇంకెవరో ష్లెమీల్‌వి. ఇలాంటి కథాంశాలు ఏ ఒక్క జాతి సొంతమూ కావు, చాలా దేశాల మూర్ఖుల కథల్లో వీటి చుట్టాలు కనిపిస్తాయి. పిల్లలు పగలబడి నవ్వే చోటే, నా ఇల్లు నాదేనని నేనెలా తెలుసుకున్నాను అన్న ప్రశ్న పెద్దవాళ్ల కాలికి తగులుతుంది.

పాత కథను సింగర్ ఎలా మార్చుకున్నాడో చూడాలంటే 1967లో వచ్చిన 'మాజెల్ అండ్ ష్లిమాజెల్' చూడాలి. బైబిల్లోని కీర్తనల గ్రంథం మీది ప్రాచీన యూదు వ్యాఖ్యానంలో ఒక కథ ఉంది. రాజు జబ్బుకు ఆడసింహం పాలు తెచ్చినవాడి శరీరంలోని అవయవాలు మాలో ఎవరు గొప్ప అని కొట్లాడుకుంటాయి. తన మాటకు పాదాలు, చేతులు విలువివ్వలేదని కోపగించిన నాలుక రాజు ముందు ఆ పాలను కుక్క పాలని పలికి యజమాని ప్రాణం మీదికి తెస్తుంది. సింగర్ ఆ నాలుక తడబాటును అలాగే ఉంచి కారణాన్ని మార్చాడు. అదృష్టదేవుడు మాజెల్, దురదృష్టదేవుడు ష్లిమాజెల్ పందెం కాస్తారు. ఏడాది పాటు మాజెల్ నిర్మించినదాన్ని తను ఒక్క క్షణంలో కూల్చగలనని రెండోవాడి పందెం. పల్లెటూరి కుర్రాడు టామ్ ఏడాదిపాటు పైపైకి ఎదుగుతాడు. సరిగ్గా ఆఖరి క్షణంలో, సింహం పాల కుండ చేతిలో ఉండగా, నోరు జారుతుంది. ఒక నీతికథ ఇలా ఉత్కంఠభరితమైన కథగా మారింది.

గుర్తింపు వెంటనే వచ్చింది. 'జ్లాటే', 'ద ఫియర్‌సమ్ ఇన్', 'వెన్ ష్లెమీల్ వెంట్ టు వార్సా', ఈ మూడూ 1967, 1968, 1969 సంవత్సరాల్లో వరుసగా అమెరికా బాలసాహిత్య గౌరవమైన న్యూబరీ ఆనర్ పొందాయి. క్రోఖ్మాల్నా వీధి బాల్యాన్ని చెప్పే 'ఎ డే ఆఫ్ ప్లెజర్' 1969లో వచ్చింది. బాతుల కథ అందులోనిదే. రోమన్ విష్నియాక్ తీసిన తూర్పు యూరప్ యూదుల ఫొటోలు ఆ పుస్తకానికి ప్రాణం. ఈ పుస్తకానికి 1970లో నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. ఆ బహుమతి సభలో సింగర్ తను పిల్లల కోసం ఎందుకు రాస్తున్నాడో పది కారణాలు చదివాడు. పిల్లలు పుస్తకాలు చదువుతారు, సమీక్షలు చదవరు. విసుగొస్తే మొహమాటం లేకుండా ఆవులిస్తారు. దేవుడిని, దేవతలను, దయ్యాలను నమ్ముతారు, తర్కాన్నీ స్పష్టతనూ కూడా నమ్ముతారు. రచయిత మానవజాతిని ఉద్ధరించాలని అడగరు. ధోరణి ఇదీ. ఎనిమిదేళ్ల తరువాత, 1978లో నోబెల్ బహుమతి విందులోనూ ఆ జాబితానే వినిపించాడు.

1970ల మొదటి సగంలో పుస్తకాలు ఏటా ఒకటి రెండు చొప్పున వచ్చాయి. మొదటినుంచీ అతని పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసినవారి పట్టిక చూస్తే ఆనాటి అమెరికా చిత్రకారుల హాజరుపట్టీలా ఉంటుంది: మార్గోట్ జెమాక్, నానీ హోగ్రోజియన్, యూరి షులెవిట్జ్, ఎరిక్ కార్ల్. అన్నీ ఒకే స్థాయివి కావు. తలకిందుల చైనా చక్రవర్తి కథలో వ్యంగ్యం ఎక్కువై కథ పలచబడింది. 'ద ఫూల్స్ ఆఫ్ చెల్మ్ అండ్ దెయిర్ హిస్టరీ' (1973) అయితే యుద్ధం, విప్లవం, నియంతృత్వాల మీద రాజకీయ ప్రహసనం. పొరుగూరి మీద దండెత్తిన చెల్మ్ సేన దారి తప్పి ఇంకో ఊళ్లో తన్నులు తిని వస్తుంది. దాన్ని ఆస్వాదించేది పిల్లలకన్నా వాళ్ల తండ్రులే. 'నఫ్తాలి ద స్టోరీటెల్లర్ అండ్ హిజ్ హార్స్, సుస్' (1976) మాత్రం మనసుపెట్టి రాసింది. గుర్రబ్బండిలో ఊరూరా పుస్తకాలు అమ్ముతూ, పోయినచోటల్లా కథలు పోగుచేసుకునే నఫ్తాలిలో సింగర్ తన్ను తాను చూసుకున్నాడనిపిస్తుంది. 1982లో ప్రాగ్ నగరపు మట్టిబొమ్మ గోలెమ్ కథ చెప్పాడు.

నాజీల మారణహోమాన్ని పిల్లల కథల్లోకి నేరుగా తెచ్చింది తక్కువ. 'ద పవర్ ఆఫ్ లైట్' (1980) పేరుకథ అలాంటిది. నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టో శిథిలాల్లో దాక్కున్న ఇద్దరు పిల్లలకు ఒక కొవ్వొత్తి దొరుకుతుంది, దాన్ని హనుక్కా దీపంగా వెలిగిస్తారు. ఆ వెలుగు ఇచ్చిన ధైర్యంతోనే తప్పించుకునే ప్రయత్నం మొదలుపెడతారు. మిగతా చోట్ల అతను ఆ కాలం గురించి మాట్లాడడు. నిజమైన చెల్మ్‌లోని యూదుల్లో చాలామందిని దగ్గర్లోని సోబిబోర్ మరణశిబిరంలో చంపారు. సింగర్ చెల్మ్‌లో ఎవరూ చావరు, తెలివిమీరరు.

భాష సంగతి విచిత్రమైనది. సింగర్ ముందు యిడ్డిష్‌లో రాసేవాడు, తరువాత అనువాదకులతో కూర్చుని ఇంగ్లీషు చేసేవాడు. చేస్తూ చేస్తూ కోసేవాడు, మార్చేవాడు. ఆ ఇంగ్లీషు పాఠాన్ని 'రెండో మూలం' అనేవాడు. పెద్దల కథలకు 'ఫోర్వర్ట్స్' పాఠకులున్నారు. యిడ్డిష్‌లో కథలు చదివే పిల్లలు మాత్రం అమెరికాలో అప్పటికే అరుదు. అందుకే అమ్మమ్మల భాషలో పుట్టిన కథలకు మనవళ్ల భాషే అసలు ఇల్లయింది.

జంతువుల పట్ల అతని ప్రేమ కథలకే పరిమితం కాలేదు. జీవితంలో చివరి మూడు దశాబ్దాలు శాకాహారిగా గడిపాడు. మాన్‌హట్టన్‌లో తను ఉండే పేటలో పావురాలకు గింజలు వేస్తూ కనిపించేవాడు, ఇంట్లో చిన్న చిలుకలను పెంచాడు. ఒక హనుక్కా కథలో యిడ్డిష్ మాట్లాడే చిలుకే నాయిక. కసాయి దగ్గరికి బయల్దేరిన మేక ఇంటికి తిరిగి రావడం వెనుక ఈ మనిషి కూడా ఉన్నాడు.

1984లో అతని పిల్లల కథల పెద్ద సంపుటం 'స్టోరీస్ ఫర్ చిల్డ్రన్' వెలువడింది. ష్లెమీల్ అంతకుముందే రంగస్థలమెక్కాడు. 1974లో యేల్ రెపర్టరీ థియేటర్ వేసిన 'ష్లెమీల్ ద ఫస్ట్' నాటకం రెండు దశాబ్దాల తరువాత సంగీత నాటకంగా మళ్లీ వచ్చింది. సింగర్ 1991 జూలై 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చనిపోయాడు. అతను నివసించిన మాన్‌హట్టన్ 86వ వీధిలో కొంత భాగానికి అతని పేరు పెట్టారు. అతని రాతప్రతులు టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో ఉన్నాయి. కొత్తగా చదవబోయేవారు చెల్మ్ మంచు కథతో మొదలుపెట్టి, ఆ వెంటనే బాతుల కథ చదవడం మేలు. రెండూ చిన్నవే, ఒక్క సాయంత్రం చాలు.